ఫ్యాక్టరీ వేట రైఫిల్ గ్రూపులు చెదురుతున్నాయి, ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

గుట్టదారి

అందరికీ నమస్కారం. నాది .308 (గుండు వ్యాసం అంగుళాల్లో) బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్, అంటే ప్రతి షాటుకీ బోల్టు చేత్తో లాగి మూసే రకం. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, ఒక్క స్క్రూ కూడా కదపలేదు. సన్న బ్యారెల్, ప్లాస్టిక్ స్టాక్ (బ్యారెల్ కింద ఉండే, చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం), పైన 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపే స్కోపు. 100 గజాల దగ్గర, ముందు రెండు కాళ్ళ ఊత అయిన బైపాడ్ వేసి కాలిస్తే మొదటి రెండు గుండ్లు దగ్గర దగ్గరగా పడతాయి, మూడోది కాస్త పైకి, నాలుగు, ఐదు ఇంకా పైకి పోయి కుడివైపుకి జరుగుతాయి. ఐదు షాట్ల గ్రూపు (అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు చిల్లుల మధ్య దూరం) రెండున్నర అంగుళాల పైమాటే, ఒక్కోసారి మూడు దాటుతుంది. బ్యారెల్ మార్చమని ఒకరు, స్టాక్ మార్చమని ఒకరు, అసలు రైఫిలే అమ్మేయమని ఇంకొకరు. అంత ఖర్చుకి దిగే ముందు ఇంట్లో బల్ల మీద పెట్టుకుని చేసుకోగలిగినవి ఏమున్నాయి, ఏది ముందు ఏది వెనక అని అడుగుతున్నా. మామూలు పనిముట్లు ఉన్నాయి, లేత్ లాంటివి లేవు.

పాతతుపాకి

గుట్టదారి గారూ, బ్యారెల్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గ్రూపు చెదిరిందంటే అందరూ ముందు బ్యారెల్‌నే అనుమానిస్తారు గానీ, నేను చూసినంతలో చాలావాటికి బ్యారెల్ బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఉన్నవే సరిగ్గా ఉండవు. ఖర్చు లేనివి ముందు చేయండి, వెనక్కి తీసుకోలేనివి చివరికి ఉంచండి. ఒకసారికి ఒకటే మార్చండి. మూడు పనులు ఒకేసారి చేసి గ్రూపు బాగుపడితే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

బల్ల మీదికి ఎక్కించే ముందు మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) కళ్ళతో చూసి, వేలితో కూడా తడిమి, ఆ తర్వాత బోల్టు బయటికే తీసేయండి. తూటాలు మీరు పనిచేసే గదిలోనే ఉండకూడదు. ఇది అందరికీ తెలుసు, అయినా చెప్తాను, ప్రతిసారీ చెప్తాను.

ఇక మొదటి పని యాక్షన్ స్క్రూలు. యాక్షన్‌ని (బోల్టు కదిలే లోహపు భాగాన్ని) స్టాక్‌కి బిగించే రెండు స్క్రూలు, కొన్ని మోడళ్ళలో మూడు. ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా ఉండటం చాలా మామూలు. అంగుళం-పౌండ్ల టార్క్ రెంచి ఒకటి తెచ్చుకోండి, ఈ పని మొత్తంలో కొనాల్సిన పనిముట్టు ఏదైనా ఉందంటే అదే. అంకె మీ రైఫిల్ పుస్తకంలో ఉంటుంది, అదే ప్రమాణం. మామూలుగా అయితే లోపల లోహపు పిల్లర్లు లేని చెక్క, ప్లాస్టిక్ స్టాక్‌లకు 35 నుంచి 45, అల్యూమినియం పిల్లర్లు గానీ బ్లాకు గానీ ఉంటే 60-65 అంగుళం-పౌండ్లు. అడుగు-పౌండ్లు కాదు సుమా. కారు చక్రాలకు వాడే రెంచి పెట్టి 65 అంటే పన్నెండు రెట్లు, స్క్రూ తెగి చేతికొస్తుంది.

బిగించే పద్ధతి: రైఫిల్‌ని బట్ (భుజానికి ఆనే వెనక కొన) నేలకి ఆనించి నిటారుగా నిలబెట్టండి, స్క్రూలు వేళ్ళతో తిరిగేంత వదులుగా ఉన్నప్పుడే యాక్షన్‌ని కిందికి, అంటే బట్ వైపుకి నొక్కండి. రీకాయిల్ లగ్ (యాక్షన్ కింద ఉండి, వెనక్కి తన్నే దెబ్బని స్టాక్‌కి అందించే లోహపు ముక్క) స్టాక్‌లోని గోడకి ఆనాలి. ఆనకపోతే మొదటి షాటు కొట్టే దెబ్బకి యాక్షన్ జారి ఆనుతుంది, అక్కడి నుంచి జీరో (గురి పెట్టిన చోటే గుండు పడేలా స్కోపు కుదిర్చింది) మారిపోతుంది. పుస్తకంలో వేరే వరస చెప్పకపోతే ముందు స్క్రూ ముందు, వెనకది తర్వాత.

పాతతుపాకి

ఇంకొకటి మరిచా. ముందు స్క్రూ బిగించేటప్పుడు బ్యారెల్, స్టాక్ అంచు కలిసే చోట, కొన దగ్గర, సగం వేలు బ్యారెల్ మీద, సగం స్టాక్ మీద ఉండేలా పెట్టండి. స్క్రూ వదులు చేసి బిగిస్తూ ఉంటే ఆ రెండూ ఒకదానికొకటి కదులుతున్నట్టు వేలికి తెలుస్తుంది. అసలు కదలకపోతే మంచిది. స్పష్టంగా తెలిసేంత కదిలితే యాక్షన్ సమంగా కూర్చోలేదు, బిగించిన ప్రతిసారీ విల్లులా వంగుతోందని అర్థం. డయల్ గేజి ఉన్నవాళ్ళు కొలుచుకోవచ్చు, 0.002 అంగుళం లోపైతే చాలా బాగున్నట్టు, 0.005 దాటితే బెడ్డింగ్ (స్టాక్‌లో ఎపాక్సీ వేసి యాక్షన్ సమంగా కూర్చునేలా చేయడం) ఆలోచించాలి.

మిల్లీరాజు

స్కోపు చూడకుండా రైఫిల్‌ని తిట్టొద్దు. స్కోపుని పట్టుకునే రింగుల స్క్రూలు సాధారణంగా 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు, స్కోపు కంపెనీ చెప్పిన అంకె దాటొద్దు, దాటితే గొట్టం నొక్కుకుపోతుంది, లోపల సర్దుబాటు కదిలే భాగం పట్టేస్తుంది. రింగులకి రెండు పక్కలా సందు సమంగా ఉండాలి. రింగుల కింద యాక్షన్‌కి బిగించే బేస్ స్క్రూలు మాత్రం తీసి, మరల్లోని నూనె పూర్తిగా తుడిచేసి, తక్కువ బలం ఉన్న థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి బిగించండి.

అక్కడే ఒక దొంగ ఉంటాడు. బేస్‌కి అన్నిటికంటే ముందున్న స్క్రూ చాలా రైఫిళ్ళలో చాంబర్ పైభాగానికో, బోల్టు లగ్గులు (బోల్టుని మూసి పట్టే కొమ్ములు) తిరిగే చోటికో సరిగ్గా పైన ఉంటుంది. అది కాస్త పొడుగైతే కిందికి దిగి తగులుతుంది. బేస్ మీద బిగిసినట్టే ఉంటుంది, నిజానికి బేస్‌ని పట్టుకోదు, కింద ఆని ఆగిపోతుంది. ఆ స్క్రూ తీసి కొన చూడండి. కొన మీద మెరిసే మచ్చ ఉంటే అనుమానించాల్సిందే.

రింగులు లాపింగ్ చేయమని (లోపలి ముఖం రుద్ది సమం చేయమని) కొందరు చెప్తారు. మంచి రింగులకి అవసరం లేదు, చెడ్డ రింగులకి లాపింగ్ బదులు కొత్త రింగులు నయం.

సీతాకోక

> బైపాడ్ వేసి కాలిస్తే

ఈ ముక్క ఎవరూ పట్టించుకోలేదేంటి? ప్లాస్టిక్ స్టాక్ + బైపాడ్. అన్నా, ఆ స్టాక్ ముందు భాగాన్ని చేత్తో పట్టుకుని బ్యారెల్ వైపు పిసికి చూడండి, ఎంత తేలిగ్గా వంగుతుందో. బ్యారెల్ కింద కాగితం పెట్టి లాగితే ఒక కొన నుంచి యాక్షన్ దాకా హాయిగా జారుతుంది, "నాది ఫ్రీ ఫ్లోట్", అంటే బ్యారెల్ స్టాక్‌కి ఎక్కడా తగలట్లేదు అనుకుంటాం. అది రైఫిల్ ఊరికే బల్ల మీద ఉన్నప్పటి మాట. బైపాడ్ వేసి, కాల్చేటప్పుడు ఎంత బరువు ముందుకి వేస్తారో అంత వేసి, పక్కన ఇంకొకరి చేత కాగితం జరిపించండి. చాలా వాటిలో అక్కడ ఆగిపోతుంది.

మీ గుండ్లు పైకి, కుడికి పోతున్నాయంటే కింద ఎడమ పక్కన ఎక్కడో తగులుతోందని నా అనుమానం. బ్యారెల్ వేడెక్కి స్టాక్‌ని నెడితే, స్టాక్ దాన్ని అటువైపు తోస్తుంది.

ఖర్చు లేని పరీక్ష: బైపాడ్ తీసేసి, స్టాక్ కింద ముందువైపు మ్యాగజైన్‌కి దగ్గరగా ఒక ఇసుక సంచి, బట్ కింద ఒకటి పెట్టి కాల్చండి. బ్యారెల్ మాత్రం దేని మీదా ఆనకూడదు. ఆ తర్వాత అదే సంచుల మీద, ప్రతి షాటుకీ మధ్య బ్యారెల్ పూర్తిగా చల్లారనిచ్చి ఇంకో గ్రూపు. సంచుల మీద బాగుపడితే స్టాక్ తప్పు. చల్లార్చితేనే బాగుపడితే వేడికి సంబంధించింది. రెండిటికీ బాగుపడకపోతే స్కోపు, తూటా, లేదా మనమే :)

కట్టెస్టాక్

అందరూ ఫ్రీ ఫ్లోట్, ఫ్రీ ఫ్లోట్ అంటున్నారు. సన్న బ్యారెళ్ళు కొన్ని స్టాక్ కొనలో చిన్న ఒత్తిడి ఉంటేనే బాగా కాలుస్తాయి. పాత రెమింగ్టన్ 700 వేట మోడళ్ళలో కంపెనీయే కొన దగ్గర ఒక మెట్టు వదిలేది, అది పొరపాటు కాదు, కావాలని పెట్టింది. దాన్ని చూసి "తగులుతోంది" అని గీకేసి, తర్వాత గ్రూపు ఇంకా పెద్దదై ఏడ్చినవాళ్ళున్నారు. గీకే ముందు కొన దగ్గర బ్యారెల్ కింద మడిచిన అట్టముక్క పెట్టి కాల్చి చూడండి, ఒత్తిడితో బాగుంటుందో లేదో తెలిసిపోతుంది. అట్టముక్క తీసేయొచ్చు, గీకిన చెక్క తిరిగి రాదు.

సీతాకోక

కట్టెస్టాక్ బాబాయ్ చెప్పింది నిజమే, కానీ ఒక చిక్కుంది. ఆ ఒత్తిడి ప్రతిసారీ ఒకేలా ఉండాలి కదా. చెక్క తేమకి ఉబ్బుతుంది, ప్లాస్టిక్ ఎండకి మెత్తబడుతుంది. ఇవాళ బాగున్న ఒత్తిడి రేపు అంతే ఉంటుందని చెప్పలేం.

కట్టెస్టాక్

అందుకే పరీక్షించమన్నా, అలాగే ఉంచేయమనలేదు.

లెక్కలమాస్టారు

ఎవరూ ఏమీ గీకకముందే నాదొక మాట. మార్పు చేసి మూడు షాట్లు కాల్చి "బాగుపడింది" అంటే నమ్మకండి. ఒకే రైఫిల్, ఒకే తూటా, ఒకే మనిషి. మూడు షాట్ల గ్రూపుల సగటు 1 అంగుళం వచ్చిందనుకోండి. అదే రైఫిల్‌తో ఐదేసి షాట్లు కాలిస్తే సగటు సుమారు 1.27 అంగుళాలు వస్తుంది, పదేసి కాలిస్తే 1.58. రైఫిల్ చెడిపోలేదు, షాట్లు ఎక్కువైతే దూరంగా పడేవి బయటపడతాయి, అంతే. అందుకే నెట్‌లో కనిపించే అర అంగుళం ఫొటోలకి కంగారు పడకండి, అవి చాలా గ్రూపుల్లోంచి ఏరిన మూడు షాట్ల గ్రూపులు. కంపెనీలు ఇచ్చే 1 ఎంఓఏ గ్యారంటీలు కూడా మూడు షాట్లకే ఉండటం మామూలు. (ఎంఓఏ అనేది కోణం కొలత, 1 ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, 100 మీటర్ల దగ్గర 29 మిల్లీమీటర్లు.)

జీరో విషయంలో ఇది ఇంకా ముఖ్యం. పైన చెప్పిన రైఫిల్‌తోనే మూడు షాట్లు కాల్చి వాటి మధ్య బిందువు చూసి స్కోపు తిప్పితే, ఆ మధ్య బిందువే పావు అంగుళం అటూ ఇటూ ఉండటం మామూలు. అంటే స్కోపు సర్దుబాటులో దాదాపు ఒక క్లిక్కు (ఒక మెట్టు). మళ్ళీ మూడు కాల్చి మళ్ళీ ఒక క్లిక్కు, సాయంత్రం దాకా లేని తప్పుని వెంటాడుతూ ఉంటారు. పది కాల్చి ఒకసారి తిప్పండి.

గుట్టదారి గారి సమస్య మాత్రం లెక్క లోపం కాదు. గుండ్లు ప్రతిసారీ ఒకే దిక్కుకి, ఒకే వరసలో జరుగుతున్నాయి. యాదృచ్ఛికంగా పడేవి అలా జరగవు. కారణం ఉంది, దొరుకుతుంది.

కొత్తబోల్టు

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నా రైఫిల్ ట్రిగ్గర్ బండ, ఆరు పౌండ్లు దాకా ఉంది. స్ప్రింగు ఒక చుట్టు కత్తిరించి, లోపల సియర్ (ట్రిగ్గర్ లాగేదాకా కాల్చే పిన్నుని ఆపి ఉంచే ముక్క) మూల కొద్దిగా రాయి మీద రుద్దితే వెన్నలా అవుతుందని ఒక వీడియోలో చూశా. గ్రూపుకి అది కూడా సాయం చేస్తుందా?

పాతతుపాకి

వద్దు తమ్ముడూ. ట్రిగ్గర్ బండగా ఉంటే గ్రూపు పాడవుతుంది, అది నిజం. రైఫిల్ బరువే ఏడెనిమిది పౌండ్లు, దాన్ని ఆరు పౌండ్ల బలంతో లాగుతూ కదలకుండా ఉంచడం కష్టం. కానీ సియర్ అంచు మీద గట్టిపరిచిన పొర చాలా పల్చన. అది పోతే ఇవాళ బాగానే ఉంటుంది, ఎప్పుడో ఒకరోజు బోల్టు గట్టిగా మూసినప్పుడో, రైఫిల్ కింద పడ్డప్పుడో దానంతట అదే పేలుతుంది. నీ ట్రిగ్గర్‌కి కంపెనీ ఇచ్చిన సర్దుబాటు స్క్రూ ఉంటే, పుస్తకంలో చెప్పిన హద్దు లోపల తిప్పుకో. లేదంటే ఆ మోడల్‌కే తయారు చేసిన ట్రిగ్గర్ కొని గన్‌స్మిత్ చేత పెట్టించు. ఇంట్లో చేయకూడనిది ఈ చర్చలో ఒకటుందంటే ఇదే.

మిల్లీరాజు

+1. సర్దుబాటు చేశాక కూడా ఖాళీ రైఫిల్‌తో పరీక్షించాలి. కాక్ చేసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలి, అప్పుడు సేఫ్టీ తీయండి, పిన్ను పడకూడదు. మళ్ళీ కాక్ చేసి బట్‌ని రబ్బరు మ్యాటు మీద గట్టిగా కొట్టండి, పడకూడదు. బోల్టు విసురుగా మూయండి, పడకూడదు. ఏ ఒక్కదాంట్లో పడినా ఆ రైఫిల్‌లో తూటా పెట్టొద్దు. లైసెన్సు నిబంధనలు, వారంటీ సంగతి కూడా చూసుకోండి, కొన్ని చోట్ల ఇలాంటి పనులు గన్‌స్మిత్‌లే చేయాలి.

గుట్టదారి

చాలా థాంక్స్ అందరికీ. ఇంతవరకు చూసినవి చెప్తాను.

వెనక యాక్షన్ స్క్రూ దాదాపు వేళ్ళతో వచ్చేసేలా ఉంది, ముందుది మాత్రం రాయిలా బిగిసుంది. వేలు పెట్టి చూస్తే ముందు స్క్రూ బిగిస్తుంటే బ్యారెల్ కొన కదలడం తెలుస్తోంది, ఎక్కువ కాదు గానీ ఉంది. బేస్ ముందు స్క్రూ కొన మీద మిల్లీరాజు గారు చెప్పిన మెరుపు మచ్చ సరిగ్గా అలాగే ఉంది! పక్క స్క్రూతో పోలిస్తే చూపుకే పొడుగు. బైపాడ్ మీద బరువు వేసి మా తమ్ముడి చేత కాగితం జరిపిస్తే ఎడమ పక్కన, కొన నుంచి రెండు అంగుళాల లోపల ఆగిపోయింది. స్టాక్ లోపల చూస్తే అక్కడ ప్లాస్టిక్ మీద నల్లగా, నున్నగా ఒక గీత, చిటికెన వేలి గోరంత వెడల్పు.

స్క్రూలు టార్క్ చేసి, బేస్‌కి సరైన పొడవు స్క్రూ వేసి, సంచుల మీద కాల్చా. గ్రూపు రెండు అంగుళాల లోపుకి దిగింది, జరగడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇప్పుడు గీకమంటారా?

సీతాకోక

అట్టముక్క పరీక్ష చేశారా? చేసి, దాంతో బాగుపడకపోతే గీకండి. బ్యారెల్ కంటే కొంచెం లావున్న గుండ్రటి కర్రకో గొట్టానికో గరుకు కాగితం చుట్టి, స్టాక్‌లో బ్యారెల్ కూర్చునే కాలవ పొడవునా సమంగా రుద్దండి. ఒక్కచోటే రుద్దకండి, కాలవ వంకరవుతుంది. ముందు 80 నంబరు, చివర్లో 220. ప్లాస్టిక్ స్టాక్ వంగుతుంది కాబట్టి కాగితం పట్టే సందు చాలదు, చుట్టూ ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఉంచుకోండి. అందం పోతుంది, పోనీయండి.

స్టాక్ లోపల ముందు భాగం బోలుగా, అడ్డగోడలతో ఉంటే వాటి మధ్య అల్యూమినియం గొట్టం ముక్కలు పెట్టి ఎపాక్సీ పోస్తే బాగా గట్టిపడుతుంది. బరువు కాస్త పెరుగుతుంది. ఎపాక్సీ ఎక్కువ ఒకేసారి పోయకండి, గట్టిపడేటప్పుడు వేడెక్కి స్టాక్‌నే వంచేస్తుంది.

ట్విస్టుగాడు

తూటాల గురించి ఎవరూ అడగరే! ఎన్ని పనులు చేసినా, ఇంకో రకం తూటా వేసినంత తేడా చాలాసార్లు రాదు. ఒకే బరువు, ఒకే కంపెనీ కాకుండా మూడు నాలుగు రకాలు తీసుకోండి, 150, 165, 168, 180 గ్రెయిన్లు (గుండు బరువు కొలత) ఇలా. ఒకే రకం పెట్టెల మీద ఒకే లాట్ నంబరు ఉండేలా చూడండి.

బ్యారెల్‌లో గాడుల ట్విస్టు ఎంతుందో చూసుకోండి, .308లో 10 అంగుళాలకి ఒక చుట్టు, 12కి ఒక చుట్టు రెండూ దొరుకుతాయి. గుండు నిలకడగా తిరగాలంటే చూడాల్సింది బరువు కన్నా పొడవు. 1879లో గ్రీన్‌హిల్ అనే గణిత ప్రొఫెసర్ చెప్పిన లెక్క ఇప్పటికీ ఉజ్జాయింపుకి పనికొస్తుంది: గుండు వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, 150తో గుణించి, పొడవుతో భాగిస్తే కావలసిన ట్విస్టు అంగుళాల్లో వస్తుంది. .308కి 12 ట్విస్టు అంటే దాదాపు 1.19 అంగుళాల పొడవు గుండు దాకా, 10 అంటే 1.42 దాకా. ఆ సూత్రం పాత వేగాలకి కట్టింది కాబట్టి నిజానికి ఇంకొంచెం పొడవువి కూడా నడుస్తాయి. సీసం లేని పూర్తి రాగి గుండ్లు వాడేవాళ్ళు గమనించాలి, రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకి గుండు పొడుగవుతుంది.

అయితే గుట్టదారి గారూ, మీ టార్గెట్ మీద చిల్లులు గుండ్రంగానే ఉంటే ట్విస్టు తప్పు కాదు. ట్విస్టు చాలకపోతే గుండు అడ్డంగా తగిలి చిల్లు కోలగా పడుతుంది.

కొత్తబోల్టు

క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే యంత్రం) పెట్టి వేగం తేడా తక్కువున్న తూటా ఎంచుకుంటే సరిపోదా?

లెక్కలమాస్టారు

100 గజాలకి అక్కర్లేదు బాబూ. సెకనుకి 2800 అడుగుల వేగంతో బయల్దేరిన గుండు అక్కడికి చేరేలోపు రెండున్నర అంగుళాల లోపే కిందికి జారుతుంది. వేగం 50 అడుగులు తగ్గితే ఆ జారడం పదో వంతు అంగుళం పెరుగుతుంది, అంతే. మీ గ్రూపు రెండు అంగుళాలుంటే దానికి కారణం వేగం కాదు. 500 గజాల మాట వేరు.

నూనెగుడ్డ

శుభ్రం చేయడం గురించి క్లుప్తంగా. రాగి పేరుకుంటే గ్రూపు మెల్లగా పెద్దదవుతుంది. రాగి తీసే ద్రావకంతో తడిపిన గుడ్డ నీలంగానో ఆకుపచ్చగానో వస్తుంటే ఇంకా రాగి ఉన్నట్టు. ఇత్తడి జాగ్ (రాడ్డు కొనలో గుడ్డని పట్టే ముక్క) వాడితే అది కూడా రంగు ఇస్తుంది, మోసపోకండి. కిటికీలు తెరిచి చేయండి, ఆ అమ్మోనియా వాసన భరించలేం. రాడ్డు ఎప్పుడూ చాంబర్ వైపు నుంచి, బోర్ గైడు (రాడ్డు పక్కలకి తగలకుండా పట్టే గొట్టం) పెట్టి. మూతి వైపు నుంచి దూర్చి రుద్దితే మూతి అంచు అరుగుతుంది, గుండుని చివరిసారి తాకేది ఆ అంచే. ఇయర్ బడ్ దూది మూతి లోపలి అంచు చుట్టూ లాగి చూడండి, ఒకచోట పోగు పట్టుకుంటే అక్కడ గరుకుంది, దాన్ని గన్‌స్మిత్ లేత్ మీద సరిచేస్తాడు.

కొత్త బ్యారెల్‌కి ఒక్కో షాటుకీ తుడిచే బ్రేక్-ఇన్ తంతు గురించి అడుగుతారేమో, నేనైతే చేయను. నూనె రాసి దాచిన రైఫిల్‌తో మాత్రం కాల్చే ముందు పొడి గుడ్డ లాగండి, లేకపోతే మొదటి గుండు దారి వేరే.

గుట్టదారి

అట్టముక్కతో ఏమీ బాగుపడలేదు, ఇంకా చెదిరింది. కాలవ గీకేశా. ఇప్పుడు బైపాడ్ మీద బరువు వేసినా కాగితం ఆగకుండా జారుతోంది. 165 గ్రెయిన్ల రకం ఒకటి మిగతా వాటికంటే బాగా కుదిరింది. పైకి, కుడికి పోవడం ఆగిపోయింది. అయినా బ్యారెల్ కొన దగ్గర వేలికి తెలిసే ఆ చిన్న కదలిక మిగిలే ఉంది. బెడ్డింగ్ చేయమంటారా, ఆపేయమంటారా?

పాతతుపాకి

ఎందుకు వాడతారో దాన్ని బట్టి. జింక లాంటి జంతువులో గుండె, ఊపిరితిత్తులుండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు అంటారు. మీ గ్రూపు 1.5 ఎంఓఏ అనుకుంటే 200 గజాల్లో మూడు అంగుళాలు చిల్లర. వేట కోసమే అయితే ఇప్పటికే సరిపోయింది, ఇక్కడి నుంచి తూటాలు సాధన మీద ఖర్చు పెట్టడం మేలు. పని మీద సరదా ఉంటే బెడ్డింగ్ చేయండి, చేయాలంటే తొందర పడకండి.

మొదట మీ స్టాక్ దేనితో చేసిందో చూడండి. ఎపాక్సీ కొన్ని ప్లాస్టిక్‌లకి అంటదు. గరుకు చేసి, లోపలికి ఏటవాలుగా చిన్న చిన్న రంధ్రాలు చేస్తే వాటిలోకి దిగి పట్టుకుంటుంది. రీకాయిల్ లగ్ చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు తీసేయండి, పల్చటి పొర పగులుతుంది. లగ్ ముందు ముఖానికి, పక్కలకి, అడుగుకి టేపు అంటించండి, వెనక ముఖానికి మాత్రం వద్దు. లగ్ వెనక ముఖమే ఆనాలి, మిగతా అన్ని వైపులా సందు ఉండాలి, లేకపోతే రైఫిల్ మళ్ళీ పెట్టిన ప్రతిసారీ ఇరుక్కుంటుంది. యాక్షన్ మీద ప్రతి చిల్లు, ప్రతి పల్లం మెత్తటి క్లేతో పూడ్చి గోటితో సమం చేయండి. ఎపాక్సీ ఒక్క పల్లంలోకి దిగి గట్టిపడినా యాక్షన్, స్టాక్ జన్మకి విడిపోవు. మైనపు పాలిష్ రెండు పూతలు, స్క్రూల మరలకి కూడా, ఒక్కోటి ఆరాక గుడ్డతో మెరిసేదాకా రుద్దాలి.

బ్యారెల్‌కి కొన దగ్గర టేపు చుట్టలు వేసి కాలవ మధ్యలో నిలిచేలా చేయండి. ఎపాక్సీ వేశాక స్క్రూలు గట్టిగా బిగించకూడదు, ఊరికే కూర్చునేంత చాలు. గట్టిగా బిగిస్తే యాక్షన్ వంగి, ఆ వంపు మీదే ఎపాక్సీ గట్టిపడుతుంది, మీరు పోగొట్టాలనుకున్నదాన్నే అచ్చు పోసినట్టవుతుంది. పక్కల నుంచి బయటికి పొంగింది వెనిగర్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో అప్పుడే తుడిచేయండి. కలిపిన గిన్నెలో కాస్త మిగల్చండి, రైఫిల్ జోలికి పోకుండా ఆ గిన్నెలోది గోటితో నొక్కి చూసుకోవచ్చు. మామూలుగా 24 గంటలు. విడదీసేటప్పుడు స్క్రూలు పూర్తిగా తీసి, బ్యారెల్ కింద నుంచి రబ్బరు సుత్తితో తట్టండి, నేరుగా పైకి రావాలి, పక్కలకి వంచకండి.

కట్టెస్టాక్

ప్లాస్టిక్ స్టాక్‌కి ఇంత కష్టం దేనికి, ఆ శ్రమకి అల్యూమినియం బ్లాకు ఉన్న స్టాక్ వచ్చేస్తుంది కదా.

సీతాకోక

బాబాయ్ మాటతో మొదటిసారి ఏకీభవిస్తున్నా 😄 గట్టి స్టాక్ కొని ఊరికే స్క్రూలు టార్క్ చేస్తే చాలా రైఫిళ్ళకి బెడ్డింగ్ అవసరమే రాదు.

మిల్లీరాజు

ఇంకో చిన్న విషయం. తేలిక రైఫిల్ కాబట్టి పట్టు ముఖ్యం. బట్ ప్రతిసారీ భుజంలో ఒకే చోట, చెంప ఒకే చోట, ట్రిగ్గర్ లాగాక వేలు అక్కడే ఒక్క క్షణం. ఖాళీ రైఫిల్‌తో గోడ మీద చుక్క పెట్టుకుని డ్రై ఫైర్ సాధన చేయండి, సెంటర్‌ఫైర్‌కి (పిన్ను తూటా మధ్యలో కొట్టే రకానికి) పర్వాలేదు, .22 రిమ్‌ఫైర్‌లో (అంచు మీద కొట్టే రకంలో) మాత్రం పుస్తకం చూడకుండా చేయొద్దు, పిన్ను చాంబర్ అంచుకి తగలొచ్చు. వేట స్కోపుల్లో పారలాక్స్ సర్దుబాటు లేనివి మామూలుగా 100 గజాలకి కుదిర్చి ఉంటాయి, వేరే దూరంలో కన్ను అటూ ఇటూ జరిగితే గురి కూడా జరుగుతుంది.

గుట్టదారి

బెడ్డింగ్ ప్రస్తుతానికి ఆపేశా. ఆ 165 గ్రెయిన్ల తూటాతో, బైపాడ్ మీదే, పది షాట్ల గ్రూపు అంగుళంన్నర చిల్లర వచ్చింది, చిల్లులు మధ్య చుట్టూ అన్ని వైపులా ఉన్నాయి, ఒక పక్కకి పోవట్లేదు. ఖర్చంతా కలిపి ఒక టార్క్ రెంచి, ఒక స్క్రూ, గరుకు కాగితం, నాలుగు రకాల తూటాలు. కట్టెస్టాక్ గారూ, ఆ బ్లాకు స్టాక్ కొంటే టార్క్ 65 పెట్టాలా, పాత అంకెలే ఉంచాలా?

కట్టెస్టాక్

స్టాక్ తయారుచేసినవాడు చెప్పిన అంకె. బ్లాకు ఉన్నవాటికి 60-65 చుట్టూనే ఉంటుంది. బిగించాక మ్యాగజైన్ తేలిగ్గా ఎక్కుతోందా, బోల్టు ఎక్కడా పట్టకుండా తిరుగుతోందా చూసుకోండి. కొత్త స్టాక్‌లో స్క్రూ పొడవు మారితే ముందు స్క్రూ కొన బోల్టు లగ్గులకి తగలొచ్చు.

లెక్కలమాస్టారు

స్టాక్ మార్చాక జీరో మళ్ళీ చూసుకోవాలి, పది షాట్లతో.

కొత్తబోల్టు

నా ట్రిగ్గర్ పుస్తకంలో సర్దుబాటు స్క్రూ ఉందని రాసుంది. మూడు పౌండ్లకి దిగుతుందట. స్ప్రింగు కత్తిరించట్లేదు 🙏

పాతతుపాకి

మంచిది. తిప్పాక ఆ మూడు పరీక్షలూ చెయ్యి, బట్ కొట్టేది మరిచిపోకు.